డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టుకోండి, ఆర్పీఎం మీటరును మాత్రం చంపకండి



పాత ట్రాక్టరు ఉన్న ప్రతి ఇంట్లోనూ వినిపించే మాటే ఇది. "బ్యాటరీ కొత్తదే, రెండ్రోజులు నిలబెడితే సెల్ఫ్ కొట్టడం లేదు." కటౌట్ మారుస్తారు, కార్బన్లు మారుస్తారు, నెల తిరిగేసరికి మళ్ళీ అదే కథ. మా రామయ్యపట్నం సముద్రపు ఒడ్డు ఊరు. ఇక్కడ ఉప్పు గాలికి కటౌట్ పెట్టెలో పాయింట్లు పచ్చగా పట్టేస్తాయి, గీకురుకాగితం పెట్టి రుద్దితే పది రోజులు పనిచేస్తాయి, పదకొండో రోజు మళ్ళీ తోసి స్టార్టు చేయాలి. అందుకని డైనమో పీకేసి ఆల్టర్నేటర్ వేయించుకోవడం మంచిదే. మేమూ వేయించుకున్నాం. అయితే ఈ పనిలో ఒక తిరకాసు ఉంది. చాలామంది మెకానిక్‌లు దాని గురించి చెప్పరు, అడిగితే "అది పోతే పోయింది లెండి" అంటారు. అదేటంటే ఆర్పీఎం మీటరు.

పట్టుపురుగులు పెంచేవాళ్ళకి మీటరుతో ఏం పని అనుకోవచ్చు. దుక్కి దున్నడానికైతే పెద్దగా అక్కర్లేదు, చెవితో విని నడిపేయొచ్చు. మన సంగతి వేరు. అక్టోబరు నెల వస్తే మన గంజాం తీరంలో అందరి కళ్ళూ ఆకాశం మీదే ఉంటాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. అక్టోబరులో పురుగుకి వాతావరణం అనుకూలంగా ఉంటుంది, సరిగ్గా అప్పుడే తుఫాను. స్తంభాలు పడిపోతే కరెంటు రోజుల తరబడి రాదు. ఆ టైములో పురుగులు చంద్రికల మీద ఉన్నాయనుకోండి. గూడు కట్టేటప్పుడు గదిలో 24 డిగ్రీల వేడి, 60 నుంచి 65 శాతం తేమ ఉండాలని మనకి శిక్షణలో చెప్పారు. తుఫాను పోయిన మర్నాడు మా ఊళ్ళో తేమ ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు, గోడలే చెమట పడతాయి. ఫ్యాన్లు తిరగకపోతే, గాలి బయటికి పోకపోతే, గూళ్ళు కట్టినా రీలింగులో దారం తెగిపోతుంది, రేటు సగానికి పడిపోతుంది. అందుకే మేము ట్రాక్టరు పిటిఓకి తగిలించి తిప్పే ఏసీ ఆల్టర్నేటర్ ఒకటి పెట్టుకున్నాం, 5 కేవీఏది. కరెంటు పోతే షెడ్డుకి ఫ్యాన్లు, లైట్లు, ఆకు మీద చల్లే నీళ్ళకి చిన్న పంపు దాని మీదే నడుస్తాయి.

ఇక్కడొక మాట, రెండు ఆల్టర్నేటర్లనీ కలిపేసుకోకండి. ఒకటి ఇంజిను ముందర బెల్టు మీద తిరిగి బ్యాటరీకి ఛార్జి ఇచ్చేది, 12 వోల్టులది. రెండోది వెనక పిటిఓ మీద తిరిగి ఇంటికి 230 వోల్టులు ఇచ్చేది. ఇప్పుడు మార్చేది మొదటిది. మీటరు కావాల్సింది రెండోదాని కోసం.

ఎందుకంటే ఆ వెనకదానిలో నాలుగు పోలులు ఉంటాయి. అది నిమిషానికి 1500 చుట్లు తిరిగితేనే 50 సైకిళ్ళ కరెంటు వస్తుంది. పిటిఓ 540 తిరుగుతుంటే మధ్యలో ఉన్న గేరు దాన్ని 1500కి పెంచుతుంది. మా ట్రాక్టరు పాత మ్యాసీ రకం. దాని మీటరు మీద 1500 దగ్గరే పిటిఓ 540 గుర్తు ఉంది. మీ బండికి వేరే చోట ఉండొచ్చు, అద్దం తుడిచి చూసుకోండి. థ్రాటిల్‌ని ఆ గుర్తు దగ్గర పెడితే కరెంటు సరిగ్గా వస్తుంది. గుర్తు తప్పితే వోల్టేజీ తప్పుతుంది, సైకిళ్ళు తప్పుతాయి, ఫ్యాను మోటార్లు వేడెక్కుతాయి. మందు కొట్టే పిటిఓ స్ప్రేయర్ పంపుకి కూడా ఇదే లెక్క. షెడ్డుని 2 శాతం బ్లీచింగూ 0.3 శాతం సున్నమూ కలిపిన నీళ్ళతో శుద్ధి చేసేటప్పుడు పంపు 540 దాటి తిరిగితే సీళ్ళు పోతాయి.

మా చిన్నాన్న కొడుకుతో మెకానిక్ అన్న మాట ఇంకా గుర్తుంది. "మీటరేటికి మావా? ఇంజిను శబ్దం ఇంటే తెలీదేటి?" దానికి మావాడు, "నీకు తెలుస్తాదిరా. రాత్రి రెండింటికి వర్షంలో మా గుంటడు థ్రాటిల్ పట్టుకుంటే ఆడికి తెలుస్తాదా?" అన్నాడు. ఆ మాటతో మెకానిక్ ఒప్పుకున్నాడు.

సరే, అసలు డైనమోకీ మీటరుకీ సంబంధం ఏమిటి?

పాత రోజుల్లో వచ్చిన చాలా ట్రాక్టర్లకి ఆర్పీఎం మీటరు కరెంటుతో నడవదు. స్కూటరు స్పీడు మీటరులాగా లోపల తిరిగే తీగ ఉన్న కేబుల్‌తో నడుస్తుంది. ఆ కేబుల్ రెండో కొస ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న. కొన్ని ఇంజిన్లకి అది నేరుగా ఇంజిను పక్కనుంచి, క్యాంషాఫ్టు వైపు నుంచి వస్తుంది. అలాంటి బండి మీదైతే అదృష్టవంతులు, డైనమో మారిస్తే మీటరుకి ఏమీ కాదు, ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు. కానీ మ్యాసీ 35 లాంటి వాటిలో కేబుల్ డైనమో వెనక నుంచి వస్తుంది. డైనమో షాఫ్టు వెనక కొసన ఒక గాడి ఉంటుంది, దానికి చిన్న గేర్‌బాక్సు బిగించి ఉంటుంది, అందులోంచి కేబుల్ డ్యాష్‌బోర్డుకి పోతుంది. మీటరు లోపల ఆ కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, దాని పక్కన ఉన్న అల్యూమినియం గిన్నె ఆ లాగుడికి తిరగబోతుంది, సన్నటి స్ప్రింగు ఆపుతుంది, ముల్లు కదులుతుంది. అంతే. అదే కేబుల్ పళ్ళ చక్రాలతో గంటల లెక్క కూడా తిప్పుతుంది. అందుకే మీటరు పోతే ఆయిలు ఎప్పుడు మార్చాలో లెక్క పోతుంది, బండి కిరాయికి ఇచ్చేవాళ్ళకి గంటల లెక్క కూడా పోతుంది.

డైనమో తీసేసి మామూలు ఆల్టర్నేటర్ పెడితే దాని వెనక గాడి ఉండదు. షాఫ్టు కొస బ్రష్‌ల కవరు లోపలే ఆగిపోతుంది. కేబుల్ తగిలించడానికి చోటు లేదు. మెకానిక్ కేబుల్‌ని చుట్ట చుట్టి వైరు కట్టి వదిలేస్తాడు. మా చుట్టుపక్కల అలా వేలాడుతున్న కేబుళ్ళు బోలెడు చూశాం.

దీనికి మాకు తెలిసి మూడు దారులు ఉన్నాయి.

అన్నిటికన్నా మంచిది, వెనక గాడి ఉన్న ఆల్టర్నేటర్‌నే తెప్పించుకోవడం. ఇలాంటి పాత బళ్ళ కోసమే షాఫ్టుని వెనక్కి పొడిగించి, పాత గేర్‌బాక్సు అలాగే పట్టేలా చేసినవి దొరుకుతాయి. పార్టుల షాపులో "ఆల్టర్నేటర్" అని మాత్రం అడిగితే మామూలుదే ఇస్తారు. "వెనక మీటరు డ్రైవు ఉన్నది" అని అడగాలి, పాత డైనమోని చంకలో పెట్టుకుని వెళ్ళాలి. బరంపురంలో లేకపోతే ఇచ్ఛాపురం వైపు, లేకపోతే విశాఖపట్నం నుంచి లారీ పార్శిల్‌లో తెప్పించుకోవచ్చు. ఖరీదు మామూలుదానికన్నా ఎక్కువే. మేము ఇదే చేశాం.

రెండో దారి చూడ్డానికి నవ్వొస్తుంది కానీ పనిచేస్తుంది. పాత డైనమోని దాని చోటనే ఉంచేసి, వైర్లు తీసి కొసలకి టేపు చుట్టి, కార్బన్లు బయటికి తీసేయాలి. అప్పుడది కరెంటు పుట్టించదు, ఊరికే తిరుగుతూ మీటరుని తిప్పుతుంది. ఆల్టర్నేటర్‌కి వేరే బ్రాకెట్ చేయించి, పొడుగు బెల్టు వేసి పక్కన బిగిస్తారు. చోటు ఉన్న బండికే కుదురుతుంది. చాలా డైనమోలకి వెనక బుష్ దగ్గర ఆయిలు వేసే రంధ్రం ఉంటుంది, దానిలో అప్పుడప్పుడు రెండు చుక్కలు వేయడం మానకూడదు. ఛార్జి ఇవ్వకపోయినా తిరుగుతోంది కదా.

మూడోది పాత మీటరుని వదిలేసి కరెంటు మీటరు పెట్టడం. కొన్ని ఆల్టర్నేటర్లకి "డబ్ల్యూ" అని రాసిన చిన్న టెర్మినల్ ఉంటుంది. అందులోంచి కరెంటు కొట్టుళ్ళు కొట్టుళ్ళుగా వస్తుంది, మీటరు వాటిని లెక్కపెడుతుంది. చాలావాటిలో 12 పోలులు, అంటే ఒక చుట్టుకి 6 కొట్టుళ్ళు. ఇంజిను 1500లో ఉండి, ఆల్టర్నేటర్ దానికి రెండింతలు తిరిగితే నిమిషానికి 3000, సెకనుకి 50 చుట్లు, అంటే సెకనుకి 300 కొట్టుళ్ళు. ఈ లెక్క మీటరులో సెట్ చేయించుకోవాలి. సెట్ చేయడం రాని మీటరు కొనకండి. ఉప్పు గాలికి, బ్లీచింగ్ తుంపర్లకి ఆ చిన్న కనెక్టర్లు ఎన్నాళ్ళుంటాయో అన్న అనుమానంతో మేము దీని జోలికి పోలేదు. పొడి ప్రాంతాల వాళ్ళకి బాగానే ఉంటుంది.

నాలుగో దారి కూడా ఒకటి చెబుతారు, మామూలు ఆల్టర్నేటర్ షాఫ్టుకి లేతు మీద రంధ్రం వేసి పిన్ను దించడం. ఆ షాఫ్టు నిమిషానికి వేలల్లో తిరిగేది. వెంట్రుకవాసి పక్కకి పోయినా బేరింగు పోతుంది. మేమైతే వద్దంటాం.

ఇప్పుడు పుల్లీ సంగతి. అందరూ దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

మీటరుకి ఇంజిను స్పీడు నేరుగా తెలియదు. డైనమో షాఫ్టు ఎంత తిరుగుతోందో అదే తెలుసు. డైనమో పుల్లీ సైజు ఫ్యాక్టరీలో ఎంత పెట్టారో, దానికి తగ్గట్టే మీటరు మీద అంకెలు వేశారు. ఆల్టర్నేటర్లు స్పీడుగా తిరగాలని వాటికి సాధారణంగా చిన్న పుల్లీ వేసి అమ్ముతారు. పాత పుల్లీ 75 మిల్లీమీటర్లు, కొత్తది 65 అనుకుందాం. ఇంజిను నిజంగా 1500 తిరుగుతుంటే మీటరు 1730 చూపిస్తుంది. అది పెద్ద కష్టం కాదనిపిస్తుంది. ఇప్పుడు తిరగేసి చూడండి. మన గుంటడు రాత్రిపూట ముల్లుని 1500 గుర్తు దగ్గర పెట్టి వచ్చి పడుకుంటాడు. ఇంజిను నిజంగా తిరిగేది 1300. కరెంటు 50 సైకిళ్ళ బదులు 43 వస్తుంది. ఫ్యాన్లు నీరసంగా తిరుగుతాయి, మోటార్లు కాలుతాయి, షెడ్డులో గాలి ఆడదు. మీటరు మాత్రం అంతా బాగుందనే చెబుతుంది. మీటరు లేకపోవడం కన్నా ఇది ప్రమాదం.

కాబట్టి పాత డైనమో పుల్లీ సైజుదే కొత్తదానికీ ఉండాలి. వీలైతే పాత పుల్లీనే లేతు షాపులో రంధ్రం సరిచేయించి బిగించుకోండి. కొలిచేటప్పుడు బయటి అంచు కొలిస్తే చాలదు. బెల్టు గాడిలో ఎంత లోతుకి కూర్చుంటుందో అదీ చూడాలి. పాతవాటికి వెడల్పు గాడి, కొత్తవాటికి సన్న గాడి ఉంటుంది. సన్న బెల్టు వెడల్పు గాడిలో వేస్తే లోపలికి దిగిపోతుంది, పుల్లీ చిన్నదైనట్టే లెక్క. పైగా అడుగుకి తగిలి జారుతుంది కూడా.

"పెద్ద పుల్లీ వేస్తే ఛార్జి తగ్గదా?" అని అడగొచ్చు. స్లోలో, 600 దగ్గర, కాస్త తగ్గుతుంది, నిజమే. స్టార్టు చేశాక ఒకసారి యాక్సిలరేటర్ ఇస్తేగాని ఛార్జి మొదలవకపోవచ్చు. కానీ మన పని నడిచేది 1500 దగ్గర. అక్కడ ఆల్టర్నేటర్ 3000 తిరుగుతుంది, సరిపడా ఇస్తుంది. పాత లూకాస్ రకం డైనమోలు ఎంత లాగినా 11 నుంచి 22 ఆంపియర్లు. మామూలు ట్రాక్టర్ ఆల్టర్నేటర్ 36 దాకా ఇస్తుంది. రెండు హెడ్‌లైట్లు, వెనక ఒక వర్కు లైటు వేస్తేనే 12 ఆంపియర్లు పోతాయి. 11 ఇచ్చే డైనమో మీద రాత్రి ఆకు కోసుకొస్తే బ్యాటరీ తెల్లారేసరికి ఎందుకు పడుకుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది.

బిగించేటప్పుడు డైనమో పొడుగు, ఆల్టర్నేటర్ పొట్టి అన్నది గుర్తుంచుకోండి. కేబుల్ కొస ముందుకి జరుగుతుంది. కేబుల్‌ని బలవంతంగా మడిస్తే లోపలి తీగ కీచుమంటుంది, ముల్లు ఊగుతుంది, కొన్నాళ్ళకి తెగుతుంది. వంపు వెడల్పుగా, కనీసం జానెడు చుట్టులో పోవాలి. సైలెన్సరుకి తగలకూడదు. లోపలి తీగని బయటికి లాగి తుడిచి పల్చగా గ్రీజు రాయండి. మీటరు వైపు కొసకి రాయకండి, గ్రీజు పైకెక్కి మీటరులోకి పోతుంది. మూడు పుల్లీలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో ఇనుప స్కేలు ఆనించి చూడండి. బొటనవేలితో నొక్కితే బెల్టు అర అంగుళానికి మించి దిగకూడదు.

వైరింగుకి ముందు బ్యాటరీ ఏ కొస బాడీకి బిగించి ఉందో చూడండి. పాత బళ్ళలో కొన్నిటికి ప్లస్ బాడీకి ఉంటుంది. ఆల్టర్నేటర్‌కి మైనస్సే బాడీకి ఉండాలి. చూసుకోకుండా తగిలిస్తే లోపలి డయోడ్లు క్షణంలో పోతాయి. ప్లస్ బాడీకి ఉన్న బండి అయితే బ్యాటరీ వైర్లు మార్చుకోవాలి, అంపియర్ మీటరు వెనక వైర్లు కూడా అటూ ఇటూ మార్చాలి. సెల్ఫ్ మోటారు ఎటు తగిలించినా ఒకే వైపు తిరుగుతుంది, దాని గురించి బెంగ వద్దు. కేబుల్ మీటరుకీ దీనితో సంబంధం లేదు.

కటౌట్ పెట్టె ఇక పనిచేయకూడదు. ఆల్టర్నేటర్ లోపలే రెగ్యులేటర్ ఉంటుంది. పాత సన్నటి వైరునే వాడతానంటే మెకానిక్‌ని ఒప్పుకోనివ్వకండి. 36 ఆంపియర్లకి కనీసం 6 స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి వైరు కొత్తది వేయించాలి. పాత అంపియర్ మీటరు 20 లేక 30 వరకే ఉంటే దాన్ని పక్కన పెట్టి వోల్టు మీటరు పెట్టించుకోవడం మేలు. తాళం స్విచ్చు నుంచి ఛార్జింగ్ ఇండికేటర్ బల్బు గుండా ఒక సన్న వైరు ఆల్టర్నేటర్‌కి రావాలి. ఆ బల్బు అలంకారానికి కాదు. దాని గుండా వచ్చే కొద్ది కరెంటుతోనే ఆల్టర్నేటర్ మేలుకుంటుంది. బల్బు మాడితే ఛార్జి మొదలవదు. రెండు మూడు వాట్ల బల్బు చాలు.

అంతా అయ్యాక ఇంజిను ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ మీద 12.6 వోల్టుల దాకా, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్యలో రావాలి. 15కి దగ్గర పడితే రెగ్యులేటర్ చెడ్డట్టే. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసి "ఛార్జి వస్తోందా" అని చూసే పాత అలవాటు డైనమోతోనే పోవాలి. ఆల్టర్నేటర్ మీద అలా చేస్తే డయోడ్లు పోతాయి. బండికి వెల్డింగు చేయించేటప్పుడు కూడా దాని వైర్లు ఊడదీయించండి.

మీటరు నిజం చెబుతోందో లేదో చూడ్డానికి వేరే పరికరం కొనక్కర్లేదు. వెనక ఏసీ ఆల్టర్నేటర్ ఉన్నవాళ్ళు సైకిళ్ళు చూపించే మల్టీమీటరు దాని సాకెట్టుకి పెట్టండి. లోడు లేకుండా 50 చూపించేలా థ్రాటిల్ సర్దండి. ముల్లు సరిగ్గా 540 గుర్తు మీద ఉండాలి. పక్కన ఉంటే పుల్లీ తప్పు, లేదా బెల్టు జారుతోంది. రాత్రి నడిపేటప్పుడు మాత్రం లోడు వేశాక ఇంజిను కొంచెం కుంగుతుంది కాబట్టి ముందు 51, 52 పెట్టి తర్వాత ఫ్యాన్లు వేయండి. ఏసీ ఆల్టర్నేటర్ లేనివాళ్ళు పిటిఓ షాఫ్టు మీద మెరిసే స్టిక్కరు అంటించి, లైటుతో లెక్కపెట్టే చేతి మీటరు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోవచ్చు. మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌ల దగ్గర ఉంటుంది.

షెడ్డు విషయం రెండు ముక్కలు. ట్రాక్టరుని గాలి వాలుకి నిలబెట్టండి, పొగ షెడ్డులోకి పోకూడదు. చాకీలోనైనా ఐదో దశలోనైనా డీజిల్ పొగ పురుగుకి విషమే. ఇంటి లైను నుంచి షెడ్డుని విడదీసే చేంజోవర్ స్విచ్చు లేకుండా ఏసీ ఆల్టర్నేటర్‌ని ఎప్పుడూ తగిలించకండి. మన కరెంటు వెనక్కి లైనులోకి పోతే, తుఫాను తర్వాత స్తంభం ఎక్కి మనకోసం పనిచేస్తున్న లైన్‌మ్యాన్ ప్రాణం పోతుంది. ఇది ఆల్టర్నేటర్ వ్యాసమైనా ఈ మాట రాయకుండా ఉండలేకపోయాం.

బ్లీచింగ్ కొట్టిన రోజు బండిని దూరంగా నిలబెట్టి, పని అయ్యాక ఆల్టర్నేటర్ టెర్మినళ్ళని తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవండి. సముద్రపు ఒడ్డువాళ్ళు టెర్మినళ్ళకి కొంచెం పెట్రోలియం జెల్లీ రాయండి.

చివరగా, తీసిన డైనమోని వెంటనే పాత ఇనుముకి వేసేయకండి. దాని పుల్లీ, వెనక గేర్‌బాక్సు, దాని రెండు స్క్రూలు విడిగా తీసి డబ్బాలో దాచండి. గేర్‌బాక్సు లోపలి పళ్ళు అరిగితే విడిగా దొరకడం కష్టం. మా దగ్గర మంచి స్థితిలో ఒకటి అదనంగా ఉంది. ఎవరికైనా కావాలంటే గ్రూపులో మెసేజి పెట్టండి, బరంపురం వచ్చేటప్పుడు పట్టుకొస్తాం.